బోణీకి పోయిన కుట్టుమిషను

ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి, గట్టిగా చెప్పుకునే సంగతి కాదిది.

అమెరికాలో ఈ అరోరా ఊరికి వచ్చిన కొత్తలో సేల్ అన్న మాటంటే నాకు మహా ఇష్టం. నా చదువు అయిదో తరగతే అయినా పేపర్లో ఆ నాలుగు ఇంగ్లీషు అక్షరాలు ఎక్కడున్నా పోల్చుకునేదాన్ని. సేల్ అంటే సగం ధరకు దుప్పట్లు, పిల్లకు చలికోటు. ఎనభైల మొదట్లో మా ఆయన పనిచేసే ఫ్యాక్టరీ మూతపడింది. ఎనిమిది నెలలు తిరిగినా మరో పని దొరకలేదు. ఇల్లు నిలుపుకోలేక అమ్మకానికి పెట్టాం. వాకిట్లో గడ్డిలో పాతిన పలక మీద కూడా అదే మాట. ఆ పూట నాకు అన్నం వండబుద్ధి కాలేదు.

అద్దె గదిలో పట్టని సామాను వదిలించుకుందామని, కారు పెట్టుకునే గరాజులోనే పాత సామాను అమ్మే గరాజ్ సేల్ పెట్టాం. సోఫా, బల్ల, పిల్ల ఊయల బయటికి లాగాం. నా కుట్టుమిషను మాత్రం గరాజులో ఎప్పుడూ ఉండే గోడవారనే ఉంది. చుట్టుపక్కల వాళ్ళ ప్యాంట్లకు అంచులు కుట్టిపెడితే వచ్చేదే అప్పటికి మా తిండి. అదుంటే ఎక్కడైనా బతుకుతామని నా ధైర్యం.

మా అమ్మాయికి పదేళ్ళు, ఇక్కడే పుట్టింది. ధరల చీటీలు రాస్తూ అడిగింది.

"అమ్మా, మెషీన్ మీద నాట్ ఫర్ సేల్ అని స్టిక్ చేయనా?"

"అమ్మకం మొదలెడుతూ కాదు, లేదు అని రాస్తారటే? కొట్లో ఉప్పు అయిపోయినా నిండుకుందంటారు గానీ లేదనరు."

"బట్ అమ్మా, ఎవరైనా అడిగితే?"

"ఆ పాతదాన్ని ఎవరడుగుతారులే."

పొద్దున్నే గరాజు తలుపు ఎత్తాం. మొదట వచ్చింది ఒక తెల్ల పెద్దావిడ. సోఫా వంక చూడలేదు. తిన్నగా లోపలికొచ్చి మిషను మీద చెయ్యి వేసి, ఎంతకిస్తారని మా ఆయనను అడిగింది.

"ఏమండీ, అది ఇచ్చేది కాదని చెప్పండి," అన్నాను మెల్లగా.

"బోణీ బేరమే. మొదటి మనిషిని ఉత్తచేతులతో పంపితే ఇవాళ ఇంకేం అమ్ముడుపోతుంది? నువ్వు కాదనమంటే కాదంటాను."

మా మామగారిది బట్టల కొట్టు. బోణీ చెడగొట్టిన వాళ్ళ కథలు ఆ ఇంట్లో ఎన్ని విన్నానో. ఈ దేశంలో ఆ పట్టింపు లేదనీ, కాదంటే ఆవిడ ఏమీ అనుకోకుండా పక్క వస్తువు చూసుకునేదనీ నాకు తెలుసు. తెలిసే, ఇచ్చెయ్యమని తలూపాను. మా ఆయనే దాన్ని ఆవిడ వ్యాన్‌లోకి ఎక్కించారు.

సాయంత్రానికి పోయినవి రెండు కుర్చీలు. సోఫా వానకు తడిసింది.

సోమవారం పక్కింటాయన మూడు ప్యాంట్లు తెచ్చాడు. మిషను లేదని చెప్పలేక తీసుకుని చేత్తో కుట్టాను. ఒక్క ఉతుకుకే అంచు ఊడిందని వారం తిరక్కుండా వెనక్కి తెచ్చాడు. పాపం, నవ్వుతూనే చెప్పాడు. ఆ తర్వాత మా గుమ్మంలోకి ప్యాంటు పట్టుకుని ఎవరూ రాలేదు.

మీ ఇల్లు చల్లగా ఉండాలి. మీకు అన్నం పెట్టే పనిముట్టు ఎంత కరువొచ్చినా మీ గడప దాటకూడదు.