పచ్చకామెర్ల టీచరమ్మ

ఆ రోజుల్లో నంద్యాలలో ఆడపిల్ల మొహానికి ఏ బాధ వచ్చినా బ్యూటీ పార్లర్లు లేవు, పక్కింటి పెద్దవాళ్లే దిక్కు. టీచర్ ట్రైనింగ్ ముగించిన నాకు ఆళ్లగడ్డలో ఒక బడిలో ఉద్యోగం వచ్చింది. చేరడానికి ముందురోజు అద్దంలో చూసుకుంటే చెంపలనిండా మొటిమలు. పిల్లలు నవ్వుతారేమోనని దిగులు పట్టుకుంది. మాది క్రైస్తవ కుటుంబం, మా ఆడవాళ్లు మొహానికి పసుపు పూసుకోరు (కూరలో మాత్రం దండిగా వేస్తారు). అయినా నాయన లేని సమయం చూసి పక్కింటి శెట్టెమ్మత్త దగ్గరికి పరుగెత్తాను. ఆమె పెసలు, బావంచాలు, కచ్చూరాలు, కస్తూరి పసుపు దంచిన పిండి గిన్నెలో పోసిచ్చి, "పాలల్లో కలిపి పూసుకో అమ్మీ. ఆరకముందే కడిగెయ్. ఇంగేమీ కలపాకు" అంది.

నాకేమో తెల్లారేసరికల్లా మొహం మెరిసిపోవాలి! వంటింటి పసుపు కూడా గుప్పెడు కలిపి, మెడదాకా మెత్తుకుని, మధ్యాహ్నమంతా హాయిగా నిద్రపోయాను. లేచి కడుక్కుంటే మొటిమలు ఎక్కడివక్కడే ఉన్నాయి, మొహం మాత్రం నిమ్మపండు. పీచుతో రుద్దితే పచ్చదనానికి ఎరుపు తోడైంది.

మర్నాడు కొంగు కప్పుకుని నాయనతో బస్సెక్కాను. శిరివెళ్ల దగ్గర పక్కనున్న ఒకామె నా మొహంలోకి తొంగి చూసి, "కామెర్లా అమ్మీ? ఈడ దిగు, మా మామ పసరు పోస్తాడు. ఉప్పులేని కూడు తింటే బేగా తగ్గుతాది" అంది. ముందు సీట్లోంచి నాయన వెనక్కి తిరిగి చూశాడు. ఆళ్లగడ్డ వచ్చేదాకా మాటిమాటికీ తిరిగి చూస్తూనే ఉన్నాడు.

పెద్ద టీచరమ్మ నన్ను గడప దాటనివ్వలేదు. "పిల్లోళ్లకు అంటుకుంటే ఎవురప్పా జవాబు చెప్పేది? డాక్టరు రాసిస్తేనే చేర్చుకుంటా" అని నాయనతో తెగేసి చెప్పింది. అప్పుడైనా నిజం చెప్పాల్సింది. కానీ పౌడర్ వాసనే గిట్టని నాయన పక్కనే ఉన్నాడాయె! (పైగా ఇంతమంది అంటుంటే నాకే నోరు చేదుగా అనిపించసాగింది.)

డాక్టరు నా కనురెప్పలు లాగి చూశాడు. "కండ్లు పాల మాదిరి ఉండాయే!" అంటూ దూదికి కొబ్బరినూనె అద్ది చెంప మీద తుడిచాడు. దూది పచ్చగా వచ్చింది. "ఏమప్పా, మీ ఇంట్లో పసుపు పూస్తారా?"

"లేదు సారూ, మాకు ఆ అలవాటే లేదు" అన్నాడు నాయన.

ఇద్దరూ నా వైపు చూశారు. "వంటింట్లోది, నాయనా" అన్నాను నేల చూస్తూ.

పిడుగు పడుతుందనుకుని కళ్లు మూసుకున్నాను. నాయన బల్ల మీద కూలబడి, తువ్వాలుతో కళ్లు తుడుచుకుని, "పసుపేనా! దేవునికి స్తోత్రం!" అని పగలబడి నవ్వాడు. బడికి వెళ్లే దారిలో తనే కొబ్బరినూనె సీసా కొని నా చేతిలో పెట్టి, "బాగా రుద్దుకో తల్లీ. ఏమీ పూయకున్నా నువ్వు బాగుంటావ్" అన్నాడు. ఆ మాట ఆయన నోట వినడం అదే మొదలు.

ఆ వారంలోనే బడిలో అందరికీ ఫోటో తీశారు. బ్లాక్ అండ్ వైట్ కాబట్టి బతికిపోయాను. మొన్న మా మనవరాలు దాన్ని చూసి, "అవ్వా, ఎంత బాగుండావ్! ఏం పూసుకునేదానివి?" అని అడిగింది. ఫోటో చేతిలోకి తీసుకున్నాను. అందులోని ఆ పచ్చమొహం పిల్లను నేనూ అప్పుడే మొదటిసారి సరిగ్గా చూశాను. నిజంగానే బాగుంది.