హాల్లోకి కంప్యూటరు వేంచేసిన రోజు

ఆ రోజుల్లో కంప్యూటరుకు జరిగిన మర్యాద మనుషులకు జరిగేది కాదు. దానికి ఏసీ గది, మనకు ఫ్యాను కింద చెమట. దాని ఒంటి మీద ఉతికిన తొడుగు, మన చెప్పులు గడప బయట. ఏలూరులో ఒక కంప్యూటర్ సెంటర్లో నేను ఇన్‌స్ట్రక్టరుగా పనిచేసిన నాలుగేళ్లలో చేతులు కడుక్కోకుండా ఏ విద్యార్థీ కీబోర్డు ముట్టలేదని ఈనాటికీ కొంత గర్వంగానే చెప్పుకొంటాను. (నా వెనుక నన్ను ‘హెడ్ కానిస్టేబులు’ అనేవారని చాలాకాలం తర్వాత తెలిసింది. అప్పుడే తెలిసి ఉంటే, కనీసం ఎస్సై హోదా అయినా ఇవ్వమని అడిగేవాణ్ణి.) శనివారం పాఠాలయ్యాక అరగంటసేపు కంప్యూటర్లో కార్ల పందెం ఆడుకోవడానికి నేనే అనుమతి ఇచ్చేవాణ్ణి. ఇళ్లలో అప్పటికి టీవీ గేములు విరివిగా ఉండేవి. క్యాసెట్ గుచ్చి, స్విచ్చి నొక్కి, తలా ఒక రిమోట్ పట్టుకుని ఆడే ఆ ప్లాస్టిక్ పెట్టెలంటే నాకు చిన్నచూపు. అందులో పది ఆటలుంటే కంప్యూటర్లో వంద ఉంటాయి, బొమ్మలు మేలు, పైగా విజ్ఞానం. కనుక కంప్యూటరు తన గది దాటి హాల్లో అడుగుపెట్టిన రోజున టీవీ గేము అటకెక్కక తప్పదని మా ప్రొప్రైటరు గారి ఎదుట గ్రాఫు కాగితం మీద గీసి మరీ నిరూపించాను.

ఆయన గ్రాఫు వంక చూడలేదు. పెదపాడు వైపు చేపల చెరువులున్న ఆసామి ఒకాయన (ఆయన్ను చెరువులాయన అందాం) కొత్తగా పెద్ద టీవీ కొన్నారనీ, ఇంటిల్లిపాదీ హాల్లో కూర్చుని ఆడుకునేది ఏదైనా తెమ్మన్నారనీ చెప్పారు. ఆ ఇంట్లో నచ్చితే ఆయన బావమరుదులూ వియ్యంకులూ కొల్లేరు చుట్టూ తలా ఒకటి పెట్టించుకుంటారట. “ఇది నెగ్గించుకు రండి మాస్టారూ, తాడేపల్లిగూడెం బ్రాంచికి మేనేజరు మీరేనండి,” అన్నారు. ఆ సాయంత్రమే నేను బ్రాంచి మేనేజరు అని రబ్బరు స్టాంపు చేయించుకున్నాను.

ఆదివారం ఉదయం సీపీయూను దుప్పట్లో చుట్టి, చంటిబిడ్డలా ఒళ్లో పెట్టుకుని ఆటోలో బయల్దేరాను. యూపీఎస్ బరువని సెంటర్లోనే వదిలేశాను. (ఈ వాక్యాన్ని పాఠకులు దయచేసి గుర్తుంచుకోవాలి.) చెరువులాయన హాల్లో ఆయన, కొడుకులు, కోడళ్లు, మనవలు, ఆ ముందురోజే అత్తవారింటికి వచ్చిన అల్లుడు గారు, టీవీకి సరిగ్గా ఎదురుగా పడక కుర్చీలో చిక్కుడుకాయలు ఒలుస్తూ చెరువులాయన తల్లిగారు, అంటే మామ్మగారు, అందరూ నా కోసమే కాచుకుని ఉన్నారు. నేను చేసిన మొదటి పని గోడకు నియమావళి అంటించడం. తినరాదు, చేతులు కడుక్కొని రావలెను, స్విచ్చిని నేను తప్ప అన్యులు ముట్టరాదు, ఒక్కొక్కరికి పది నిమిషాలు. కీబోర్డు వైరు పొట్టిది కావడంతో సోఫాలు ముందుకు జరిపించి, కుర్చీలు వరుసగా వేయించి, వయసు క్రమంలో పేర్లు రాసుకుని హాజరు పిలిచాను. అల్లుడు గారి నోట్లో పప్పుచెక్క ఉన్నట్లు గమనించి, అది పూర్తయ్యేదాకా వరండాలో ఉండమన్నాను. ఆ ఇంట్లో అంతకుముందు ఆయన్ను లేవమన్నవారు లేరనుకుంటాను. ఆయన మారుమాట లేకుండా చెక్కతో సహా వెళ్లారు. మిగతావారు కుర్చీల్లో సర్దుకుని కూర్చున్నారు. క్రమశిక్షణ కుదిరిందని నేను సంతోషించాను.

టీవీకి వైరు తగిలించగానే కంప్యూటరు మేల్కొంది. బల్ల దగ్గర కూర్చుని చదవడానికి రాసిన అక్షరాలు అంత పెద్ద టీవీ మీద కూడా ఎవరికీ ఆనలేదు. మామ్మగారు కళ్లద్దాలు తుడుచుకున్నారు.

“ఏవండీ మాస్టారూ, ఆ చీమలు ఏమంటున్నాయండీ?”

“ఆట మొదలుపెట్టడం నిశ్చయమేనా అని అడుగుతోందండి.”

“మన హాల్లో కూచుని మనల్నే అడుగుద్దేంటండీ?”

నిశ్చయమేనని నొక్కాను. ఇంకో ప్రశ్న వేసింది. దానికీ బదులిచ్చాను. నాలుగో ప్రశ్నకు చెరువులాయన ఆవులించారు. కార్లు బారులు తీరి, మామ్మగారి చూపుడువేలు కీబోర్డు మీద ఆనిందో లేదో, కరెంటు పోయింది. పది నిమిషాల తర్వాత వచ్చింది. చెప్పకుండా ఆపినందుకు కంప్యూటరు తెర నీలంగా చేసుకుని, తనకేమైనా దెబ్బ తగిలిందేమో చూసుకోసాగింది. గీత ఒకటి నత్తలా పాకుతోంది. సరైన పద్ధతిలో ఆపకపోతే ఇలాగే తనిఖీ జరుగుతుందని వివరించాను. కరెంటు పోతే అందులో మా తప్పేముందండీ అని పెద్దకోడలు మెల్లగా అడిగింది. ఆమె బీరువా తెరిచి పాత టీవీ గేము తీసి, క్యాసెట్లోకి ఉఫ్ మని ఊది, నా వైరు పీకి తన వైరు గుచ్చింది. తెర మీద మోటారుసైకిళ్లు వచ్చేశాయి.

ఆ తర్వాత ఎవరూ కుర్చీలో లేరు. అందరూ నేల మీదికి జారారు. చెక్కల పళ్లెం వచ్చింది, దాని వెనుకే అల్లుడు గారూ వచ్చారు. చిక్కుడు పీచు అంటిన చేతులతోనే మామ్మగారు రిమోట్ అందుకున్నారు. నేను ఒక మూల, తెర కూడా లేకుండా తనను తాను తనిఖీ చేసుకుంటున్న సీపీయూ పక్కన నిలబడ్డాను. చెరువులాయన నా దగ్గరకు వచ్చి గొంతు తగ్గించారు.

“మీ మిషన్లో ఆటలు బోలెడున్నాయండి, కాదన్ను. కానీ అదొచ్చిన కాణ్ణించీ మా ఇంట్లో మేం చుట్టాలమైపోయామండి.”

ఎంతో మెత్తగా అన్నారు. కోప్పడి ఉంటే వాదించేవాణ్ణి.

“ఆ మాస్టారిక్కూడా ఓ రిమోట్ ఇవ్వండర్రా,” అన్నారు మామ్మగారు, తెర మీంచి చూపు తిప్పకుండా. “నిలబడి నిలబడి కాళ్లు పీకుతున్నాయేమో పాపం.”

మర్నాడు ప్రొప్రైటరు గారికి మూడు పుటల నివేదిక సమర్పించాను. విద్యుత్తు అస్థిరత, అక్షరాల సూక్ష్మత, వైరు హ్రస్వత అని మూడు శీర్షికలు. ఆయన మొదటి పుట కూడా తిప్పకుండా, “అల్లుడు గార్ని బయటికి పంపారటగా?” అని మాత్రం అడిగారు. తాడేపల్లిగూడెం బ్రాంచి నా సహోద్యోగికి వెళ్లింది. అతనికి నా డిప్లొమాలేవీ లేవు. ఎక్కడ కూర్చోమంటే అక్కడ కూర్చునే మనిషి.

ఈమధ్య కంప్యూటర్ ఆటల సంస్థ ఒకటి హాల్లో టీవీ కింద పెట్టుకునే పెట్టెను తెస్తోందని మా అమ్మాయి ఫోన్లో చూపించింది. సోఫాలోంచి చదవగలిగే అక్షరాలట, వైరు లేని రిమోటట, ఆట మధ్యలో ఆపినా అక్కణ్ణుంచే అందుకుంటుందట. ఇదివరకు కొందరు ఇలాంటివి తెచ్చి చేతులు కాల్చుకున్నారు, ఇదైనా నెగ్గుతుందంటారా నాన్నగారూ అని అడిగింది. పెట్టెతోపాటు నాబోటివాణ్ణి పంపకపోతే నెగ్గవచ్చునమ్మా అన్నాను. అది నవ్వుతూ వెళ్లిపోయింది.

ఆ నివేదికలో నేను రాయని సంగతి ఒకటుంది. ఆ రోజు నేనూ నేల మీద కూర్చున్నాను. భోజనాలకు పిలిచేలోగా మామ్మగారు నన్ను ఆరుసార్లు ఓడించారు. ఏడోసారి ఆడదామని అడిగింది నేనే.