కాస్త నవ్వండి సార్

రుజువుగారికి ఎవరి మీదా నమ్మకం ఉండేది కాదు. వాళ్లు దొంగలని కాదు, వాళ్లు వాళ్లేనన్న నమ్మకం లేక. "సార్, నేను పై అంతస్తు నుంచి..." అని ఎవరైనా ఫోన్లో మొదలుపెడితే చాలు, "అంతస్తు సరే, మీరు మీరేనని రుజువేంటి?" అనేవారు. అలా అడిగీ అడిగీ ఆఫీసులో ఆయన అసలు పేరు కొట్టుకుపోయింది.

పక్క సీట్లో కూర్చుని ఆయనలాగే అందరి అకౌంట్లు, పాస్‌వర్డ్‌లు చూసే అమ్మాయికి ఈ జబ్బు బాగా తెలుసు. ఒకసారి పాస్‌వర్డ్ మరిచిపోయి, కాస్త మార్చిపెట్టమని అడిగింది. ఆయన కుర్చీ ఇటు తిప్పి ఆమెను ఎగాదిగా చూశారు.

"గుర్తింపు కార్డేదీ?"

"సార్! ఇందాక మీరు తిన్న బిస్కెట్లు నావి."

"బిస్కెట్లు ఎవరైనా పెడతారమ్మా. కార్డు చూపించు."

కార్డు కేసి ఓసారి, ముఖం కేసి ఓసారి చూసి, "జుట్టు కత్తిరించుకున్నావే" అని అనుమానంగా గొణిగి, అప్పుడు మార్చారు.

ఇంటి నుంచి భార్య ఫోన్ చేసినా, నిన్న దేని గురించి గొడవపడ్డామో చెప్పమంటారని అందరూ చెప్పుకునేవారు. "ఏ గొడవ? పొద్దుటిదా, సాయంత్రానిదా?" అని ఆవిడ ఎదురడిగితే, "ఆఁ, నువ్వే. చెప్పు" అనేవారట.

ఆ ఆఫీసులో బల్లల మీద ఉండేవి తెరలు మాత్రమే. కంప్యూటర్లన్నీ ఎక్కడో దూరాన, క్లౌడ్‌లో నడిచేవి. తెర వెలగాలన్నా, తలుపు తెరుచుకోవాలన్నా, లిఫ్టు కదలాలన్నా మనిషికి ఒక్కటే అకౌంటు. అది మూసేస్తే కుర్చీలో కూర్చునున్నవాడు కూడా లేనట్టే లెక్క. జీతం, బీమా అన్నీ ఆ క్షణంతో సరి. ఆ మూసే పని రుజువుగారిది.

ఆ ఏడు కంపెనీ పరిస్థితి దిగజారింది, ఉద్యోగాలు పోతాయన్న మాట పుట్టింది. క్యాంటీన్‌లో జనం గుసగుసలు కూడా మానేశారు. ఒకరి ముఖం ఒకరు చూడకుండా తిని లేచిపోయేవారు.

సరిగ్గా అప్పుడే అమ్మాయి వాళ్లమ్మకి గుండె ఆపరేషన్ అవసరమైంది. ఆఫీసు బీమా నుంచి అనుమతి వస్తేగానీ థియేటర్‌లోకి తీసుకెళ్లమన్నారు ఆసుపత్రివాళ్లు. ఆ అనుమతి ఆమె ఆఫీసు అకౌంటుకే వస్తుంది. చెల్లెల్ని తల్లి దగ్గర కూర్చోబెట్టి, తను వచ్చి తెర ముందు కూర్చుంది. బీమావాళ్లేమో ఒక రిపోర్టు పంపితే ఇంకొకటి అడుగుతున్నారు.

ఇంతలో రుజువుగారికి డైరెక్టర్ నుంచి మెయిల్ వచ్చింది. చదివారు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివారు.

"మీ అమ్మగారిది వచ్చిందా?"

"ఇంకా లేదు సార్. ఇంకేదో కావాలంటున్నారు."

"పంపు. అటూ ఇటూ చూడకు. ఆ పనొక్కటే చూసుకో."

కాసేపటికి ఫోన్ మోగింది. డైరెక్టర్ అరుపు పక్క సీటుదాకా వినపడింది. "మూసెయ్యమన్న అకౌంట్లు ఇంకా నడుస్తున్నాయేం?"

"మెయిల్ చూశాను సార్. మీరు మీరేనని రుజువేంటి?"

అమ్మాయి తల పట్టుకుంది. ఈ మనిషికి ఇవాళ కూడానా!

"నా గొంతు తెలీదా మీకు?"

"గొంతుదేముంది సార్, ఈరోజుల్లో ఎవరి గొంతైనా కంప్యూటరే పలికేస్తోంది. మీరు రాసుకున్న రహస్య ప్రశ్న ఉంది. మీకు బాగా ఇష్టమైన మాస్టారెవరు?"

"నాకే మాస్టారూ ఇష్టం లేదు!"

"రికార్డులో ఒకరున్నారు సార్."

డైరెక్టర్ లెక్కల మాస్టారి పేరు చెప్పారు, డ్రిల్లు మాస్టారి పేరు చెప్పారు, చివరికి తనను బెంచీ ఎక్కించిన మాస్టారి పేరు కూడా చెప్పారు. ఒక్కటీ కలవలేదు. ఫోన్ విసిరికొట్టి తనే కిందికి దిగొచ్చారు.

"ఇదిగో నేను! చాలా?"

"నా కంటికి చాలు సార్. సిస్టమ్‌కి చాలదు. ఆ కెమెరా ముందుకి రండి."

నిలబడ్డారు. రుజువుగారు తన తెర చూసి తల అడ్డంగా ఊపారు. "చేరినరోజు ఫొటోలో మీరు నవ్వుతున్నారు. కాస్త నవ్వండి సార్."

"ఏంటీ?"

"నవ్వితేగానీ కుదిరేట్టు లేదు."

అంతస్తంతా తలలెత్తి చూసింది. అందులో సగం మందిని ఇంటికి పంపడానికి వచ్చిన మనిషి వాళ్ల ఎదురుగానే పళ్లికిలించారు. ఎవరూ నవ్వలేదు.

"ఇంకొంచెం సార్. పైపళ్లు కూడా."

అప్పుడొచ్చింది అమ్మాయి తెర మీదికి అనుమతి. వెంటనే దాన్ని ఆసుపత్రికి పంపి, చెల్లెలికి ఫోన్ చేసింది. "అందింది అక్కా, తీసుకెళ్తున్నారు" అంది చెల్లెలు.

"వచ్చేసింది సార్!" అని అరిచింది అమ్మాయి.

"సరిపోయింది సార్," అన్నారు రుజువుగారు డైరెక్టర్‌తో, కెమెరా కేసి చూడనైనా చూడకుండా.

తర్వాత కూర్చుని, మీట నొక్కారు. తెరలు వరసగా నల్లబడ్డాయి. ఎవరో మాట్లాడుతూ మధ్యలో ఆగిపోయారు. ఒకాయన నల్లటి తెర ముందు ఇంకా టైపు చేస్తూనే ఉన్నాడు. అమ్మాయి తెర కూడా నల్లబడింది. దిగ్గున పక్కకి తిరిగింది. రుజువుగారి తెర మీద ఇందాక కెమెరా తీసిన డైరెక్టర్ ఫొటోలు వరసగా ఉన్నాయి. మొట్టమొదటి, నవ్వని ఫొటో కిందే 'సరిపోయింది' అని ఉంది.

ఆయన తలెత్తలేదు. "ఇచ్చిన అనుమతి వెనక్కి తీసుకోలేరమ్మా. ఇక్కడేం చేస్తావ్, అమ్మ దగ్గరికెళ్లు" అన్నారు.

తల్లి కోలుకుని మాట్లాడుతుండగా ఒకనాడు ఆయన ఆసుపత్రికి వచ్చారు. నర్సు గుమ్మంలోనే ఆపింది.

"దగ్గరి బంధువులైతేనే లోపలికి. పేషెంటుకి మీరేమవుతారు?"

రుజువుగారు జేబులన్నీ తడుముకున్నారు. గొంతు సవరించుకున్నారు. "తమ్ముణ్ణి" అన్నారు.

నర్సు నమ్మనట్టు మంచం కేసి చూసింది. ఆ తల్లి ఆయన్ని జన్మలో చూసి ఎరగదు.

"రానీ తల్లీ, మా తమ్ముడే," అందావిడ నీరసంగా. "చిన్నప్పట్నుంచీ ఇంతే. అందరూ వచ్చి వెళ్లాకగానీ రాడు."

రుజువుగారు చెవుల దాకా ఎర్రబడి, కుర్చీ మంచం దగ్గరికి లాక్కున్నారు.

"ఇప్పుడెలా ఉందక్కా?"