పసుపు అంటని ఒడిబియ్యం

చౌటుప్పల్ నుంచి నల్లగొండ దాటి మా ఊరికి డెబ్బై ఆరు కిలోమీటర్లు. ఆ ఆదివారం ఉదయం తొమ్మిదింబావుకు బయలుదేరి, పదకొండు కాకముందే చేరాము. కారులో నేను, చెల్లెలు స్వప్న, ఆమె భర్త సలీం. మందుల కర్మాగారంలో నాణ్యతా పరీక్షలు చేయడం నా ఉద్యోగం. పరీక్షకు నిలవని దేన్నీ నేను నమ్మేవాణ్ణి కాదు. దయ్యాల మాట వస్తే లేచి వెళ్లిపోయేవాణ్ణి.

సలీంను పెళ్లి చేసుకున్నదని స్వప్నను గడప తొక్కనివ్వని బాపు, రెండేళ్లకు తానే ఫోన్ చేసి, ఒడిబియ్యం పోస్తామనీ అల్లుణ్ణి కూడా తీసుకురమ్మనీ చెప్పాడు. పసుపు కలిపిన బియ్యం ఆడబిడ్డ ఒడిలో పోయడానికి పుట్టిల్లు పిలిచిందంటే కోపం పోయినట్టేనని స్వప్న నమ్మింది.

నాకు ఇంట్లో అడుగుపెట్టగానే అనుమానం కలిగింది. ఒడిబియ్యానికి వాడకట్టు ముత్తైదువలు రావాలి. ఒక్కరినీ పిలవలేదు. బాపు తమ్ముడు, మా చిన్నాయన మాత్రం, తిరిగి ఏ తోవన పోతారని మళ్లీ మళ్లీ అడిగాడు.

సలీం నా పక్కకు జరిగి మెల్లగా అన్నాడు: "బావా, మీ చిన్నాయిన తిట్టినప్పుడే మంచిగుండె. గిట్ల అల్లుడా అల్లుడా అంటాంటే భయమైతాంది."

బాపు, చిన్నాయన వాకిట్లో ఉన్నారు; సలీం నాతోనే లోపలికి వచ్చాడు. వంటింట్లో అమ్మ బియ్యంలో నూనె చుక్కలు వేసి, పసుపు చల్లి కలిపింది. నేను ఎదురుగానే కూర్చున్నాను. ఆమె అరచేతులు పచ్చబడ్డాయి. బియ్యం తెల్లగానే ఉంది. ఇంకొంత పసుపు వేసి కలిపింది. ఒక్క గింజకూ రంగు అంటలేదు.

అమ్మ చేతులు ఆగిపోయాయి. కాసేపు వాకిలి వైపు చూసి, స్వప్నను దగ్గరికి పిలిచింది.

"తెల్ల బియ్యం ఒళ్లె పొయ్యరు బిడ్డా. నీళ్లు గూడ తాగకుండ్రి. ఎనక దర్వాజకెల్లి పోండ్రి."

స్వప్న, సలీం ఇద్దరూ పత్తి చేలలో పడి బస్సు రోడ్డుకు వెళ్లారు. ఆ బియ్యం గిన్నెనూ పసుపు డబ్బానూ ఎక్కడైనా పారేయమని అమ్మ నాకిచ్చింది. పండ్లు తెస్తానని బాపుతో చెప్పి నేను కారు తీశాను.

కాలువ మోరీ దగ్గర ట్రాక్టరు అడ్డంగా పెట్టి ఉంది. పక్కన నలుగురు, ఇద్దరు చిన్నాయన పొలంలో పనిచేసేవాళ్లు. ముందుగా వెనక సీటు చూశారు.

"ఆడేడి?" అన్నాడొకడు.

పేరు చెప్పకపోయినా సలీంనే అడుగుతున్నాడని తెలిసింది. ఇనుప రాడ్డుతో అద్దం పగలగొట్టారు. అడ్డుపెట్టిన నా చేతిమీద రెండో దెబ్బ పడింది.

తరువాత, కారులోనే ఉండిపోయిన ఆ పసుపును పరీక్షించాను. సున్నపు నీటికి ఎర్రబడింది, అసలైన పసుపే. అదే బియ్యంలో అదే పసుపు కలిపాను. వెంటనే పచ్చబడింది. ఎన్నిసార్లు చేసినా అంతే.

అమ్మకు ముందే తెలిసి ఏదో చేసిందేమోనని ఆమెనూ అనుమానించాను. ఒకసారి అడిగాను. "నువ్వు సూస్తనే ఉంటివి గద బిడ్డా. అంటలే," అంది. నేను చూసింది నిజం. పరీక్షలో తేలిందీ నిజం. ఆ రెండూ ఎలా కలుస్తాయో నాకు ఈనాటికీ తెలియదు.

సలీం, స్వప్న బతికి ఉన్నారు. నా ఎడమ మణికట్టు పూర్తిగా తిరగదు. బాపు మీద, చిన్నాయన మీద కేసు నడుస్తోంది. అమ్మ ఆ ఇంట్లోనే ఉంది; కూతురితో మాట్లాడే వీలు లేదు. స్వప్నకు పుట్టిల్లు పోయింది.