గులకరాళ్ళ కింద బూడిద

మా గడీ ముందు హాల్లో ఒక అద్దాల చేపల తొట్టి ఉండేది. మా తాత దాన్ని హైదరాబాదు నుంచి ఎడ్లబండి మీద, వరిగడ్డిలో పొదిగి తెప్పించాడు. మనిషి కాళ్ళు చాపి పడుకునేంత పొడవు. నాలుగు మూలలా ఇత్తడి పట్టీలు, కింద టేకు బల్ల. అడుగున పరవడానికి కృష్ణ ఒడ్డు నుంచి గులకరాళ్ళు వచ్చాయి. తెచ్చింది రైతులు, తమ బండ్ల మీద, తమ ఎడ్లతో, వెట్టికి. ఆ ముక్క మా ఇంట్లో ఎవరూ అనేవారు కాదు. 'కృష్ణమ్మ రాళ్ళు' అని మాత్రం చెప్పుకునేవారు. కోస్గి అంగడికి పోయేవాళ్ళు దారి మళ్ళి వచ్చి, దర్వాజా దగ్గరే నిలబడి, ఎర్ర చేపలను దూరం నుంచి చూసి పోయేవారు.

ఆ చేపల అందం గురించి రాయడానికి నేను కూర్చోలేదు. ఆ రాళ్ళను కడిగే పనిముట్టు గురించి రాయాలి. నవ్వేవాళ్ళు నవ్వవచ్చు. చేపల సామాన్ల దుకాణంలో అటువంటి పనిముట్టు ఏది కనిపించినా నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. చేసినవాడు ఒక్క తొట్టినీ తన చేతులతో కడిగి ఉండడు. కొనేవాడూ కడగడు. కడిగే మనిషిని ఎవరూ అడగరు. అడగకపోతే ఏమవుతుందో యాభైల చివర్లో మా ఇంట్లోనే చూశాను.

తొట్టి కడిగే పని ఒక ఆడమనిషిది. గొర్రెలు మేపుకునే ఇంటి మనిషి. గడీకి నీళ్ళు మోయడానికి వచ్చి ముప్పై ఏళ్ళు ఉండిపోయింది. ఆమె కడిగే తీరును అప్పట్లో చూసీ చూడనట్టు చూసేవాణ్ణి. పెరట్లో బొప్పాయి ఆకు ఒకటి తెంపి, కాడ కోసి, రెండు కొసలూ చెక్కేది. బోలుగా ఉండే ఆ కాడ పై కొసను బొటనవేలితో మూసి, కింది కొసను రాళ్ళ మధ్యకు దించేది. వేలు తీయగానే నీళ్ళతో పాటు అడుగునున్న మడ్డి కాడలోకి ఎక్కేది. మళ్ళీ వేలు మూసి, కాడ పైకి తీసి, చెంబులో వదిలేది. రాయి కదిలేది కాదు, చేప బెదిరేది కాదు. వారానికి జానెడు జాగా, అంతే. "గంత తొట్టికి జానెడేనా?" అని మా నాన్న, మా బాపు, విసుక్కుంటే, "నీ బాంచెన్ దొరా, గంతనే" అని తల వంచుకునేది.

బాపుకు ఆ బొప్పాయి కాడ నామోషీ. హైదరాబాదు నుంచి పనిముట్టు తెప్పించాడు. మూరెడు ఇత్తడి పిడి, దాని మీద పూల చెక్కడం, కొసకు జల్లెడలాంటి గరిటె. రాళ్ళను దాంతో ఎత్తి బయట కడిగి మళ్ళీ తొట్టిలో పోయాలట. ఎత్తగానే కింది మడ్డంతా లేచి నీళ్ళు చాయ్ రంగుకు తిరిగేవి. చేపలు పైకి వచ్చి నోళ్ళు తెరిచేవి. ఆమె రెండుసార్లు వాడింది. మూడోసారి దాన్ని గోడకు ఆనించి పెట్టి, మళ్ళీ పెరట్లోకి నడిచింది. అది మంకుతనం అన్నాడు బాపు. నేనూ అన్నాను.

తరువాత కౌలుదారు చట్టం వచ్చింది. ఒక్కొక్క చెలకా మా చేతి నుంచి పోయింది. ఆమె మగడు దున్నుతున్న ఆముదాల చెలక వాళ్ళకే దక్కింది. ఆ ఏడు వానలు పడగానే ఆమె గడీకి రావడం మానేసింది. ఒక్కొక్కరే అందరూ మానేశారు. గుర్రాల కొట్టం కూలింది. వెండి పోయింది, బండి పోయింది. తొట్టి మిగిలింది, అందులో ఆరు చేపలు మిగిలాయి. బాపు పొద్దున్నే ఇస్త్రీ చేసిన షేర్వానీ వేసుకొని, తొట్టి ఎదురుగా పడక కుర్చీలో కూర్చునేవాడు. ఎవరైనా వస్తారని. ఎవరూ వచ్చేవారు కాదు.

తాత ఆబ్దికానికి మా మేనత్త మగడు వస్తున్నట్టు హైదరాబాదు నుంచి ఉత్తరం వచ్చింది. మామ అక్కడ పెద్ద కొలువులో ఉన్నాడు. కొత్త సర్కారులోనూ ఆయన కుర్చీ కదలలేదు. బాపుకు ఉన్న భయమంతా ఆయన చూపు గురించే.

"రాళ్ళు గిట్ల పాకురువట్టి నల్లగుంటె బావ ఏమనుకుంటడు? మెరవాలె. ఇంక పన్నెండు దినాలున్నయ్. నువ్వు దగ్గర నిలవడి చేయించు" అన్నాడు.

మా ఇంట్లో ఏదైనా మెరవాలంటే ఒకటే పద్ధతి. దేవుడి సామాను గాని, గంగాళాలు గాని, చింతపండు వేసి రుద్ది, పొయ్యిలో బూడిదతో తోమడం. ఇద్దరు కూలి ఆడవాళ్ళను పిలిపించాను. చేపలను గంగాళంలోకి మార్చి, ఇత్తడి గరిటెతో రాళ్ళన్నీ ఎత్తి పెరట్లో కుప్ప పోయించాను. నేను చేతులు వెనక్కు కట్టుకొని నిలబడ్డాను. నిలబడడం మాకు బాగా వచ్చు.

వాళ్ళలో ఒకామె తోముతూ ఆగి, "దొరా, చేపలుండే రాళ్ళకు బూడిద మంచిదేనా?" అంది.

"తోమమన్నంక తోము. అడుగుడెందుకు?" అన్నాను.

రాళ్ళు తెల్లగా, నల్లగా, గోధుమరంగుగా మెరిశాయి. కొత్త నీళ్ళు నింపించాం. బాపు కుర్చీలో నుంచి లేచి మరీ చూసి, "గట్లుండాలె" అన్నాడు. మూడో రోజు పొద్దున రెండు చేపలు వెల్లకిలా తేలాయి. మర్నాడు ఇంకో రెండు. ఎండకు చచ్చాయని బాపు అన్నాడు. మాఘమాసంలో ఏం ఎండ?

మిగిలిన రెండూ నీటి పైకి వచ్చి, నోళ్ళు ఆడిస్తూ, మూలకు ఒదిగి ఉన్నాయి.

"బావ వచ్చెదాంక గీ రెండన్న బతకాలె. ఖాళీ తొట్టి చూపిస్తనా ఆయనకు?" అన్నాడు బాపు. ఆ గొంతులో ఆజ్ఞ ఉంది గాని, చేతులు కుర్చీని గట్టిగా పట్టుకున్నాయి.

ముప్పై ఏళ్ళు తొట్టి కడిగిన ఆమె చెలకకు నడిచి వెళ్ళాను. ఎండిన ఆముదపు గెలలు తెంపుతోంది. నన్ను చూసి నడుము ఎత్తింది గాని ఎదురు రాలేదు.

"ఏంది చిన్న దొరా, గింత దూరం నడిసొచ్చినవ్? బండి లేదా?"

బండి పోయి రెండేళ్ళయిందని ఊరందరికీ తెలుసు. 'నీ బాంచెన్' అన్న మాట ఆమె నోట రాలేదని కూడా గమనించాను.

"చేపలు సస్తున్నయ్. నాలుగు పోయినయ్."

"ఏం జేసిన్రు?"

చెప్పాను. చేతిలో గెలను తట్టలో పడేసి నన్నే చూసింది.

"బూడిదవెట్టి తోమిన్రా? గొర్లు తాగే తొట్టినే మేం బూడిదవెట్టి తోమం గద దొరా! జరంత పాకురు ఉండనియ్యాలె. బూడిద సన్నగుంటది, రాళ్ళ సందుల వడి కిందికి పోతది. ఎన్ని నీళ్ళు గుమ్మరించినా పోదు. ఆ నీళ్ళే తాగుతున్నయ్ అవి."

"మరి నువ్వు ముందే చెప్పొద్దా?"

"ఎవలు అడిగిన్రు? ముప్పై ఏండ్లు కడిగిన. ఎందుకు గిట్ల కడుగుతున్నవే అని ఒక్కనాడన్న అడిగిన్రా? మీ బాపు అడిగిండా, నువ్వు అడిగినవా? పూలపూల గరిటె తెచ్చి నా చేతులవెట్టి, మంకుదానివి అన్నరు."

నాకు కోపం వచ్చింది. ఆ కోపం ఆమె మీద అనుకున్నాను అప్పుడు.

"ఒక్కసారి వచ్చి..." అన్నాను.

"నేను రాను." అంతే తేలిగ్గా అంది. "నీకు చేతులు లేవా? బొప్పాయి చెట్టు మీ పెరట్లనే ఉన్నది. రాయి కదపకు, బూడిద తియ్యి. గంతే పని."

మళ్ళీ గెలల వైపు తిరిగింది. నేను నిలబడి ఉన్నానో వెళ్ళానో కూడా చూడలేదు.

బొప్పాయి కాడతో మొదలుపెట్టాను. ఒక్కో మునకకు గుక్కెడు నీళ్ళు కూడా రావు. వారానికి జానెడు చొప్పున ముప్పై ఏళ్ళు చేసే పనికి అది సరిపోతుంది. చస్తున్న చేపలకు అంత వ్యవధి లేదు. అమ్మకు జబ్బు చేసినప్పుడు దవాఖాన నుంచి తెచ్చిన ఎనిమా డబ్బా అటక మీద ఉంది. దాని రబ్బరు గొట్టం ఊడదీశాను. ఒక కొస తొట్టిలో, ఒక కొస కింద బకెట్టులో. నోటితో పీల్చగానే నీళ్ళు నోట్లోకే వచ్చాయి. నాలుక చుర్రుమంది. జారుగా, సవుడు నీళ్ళలా, కారంగా. నాలుగు రోజులుగా ఆ చేపలు ఉన్నది అందులో. తోమించింది నేను. ఉమ్మేసి, నోరు కడుక్కొని, అప్పటి నుంచి గొట్టాన్ని ముందే నీళ్ళతో నింపి వేలితో మూసి దించడం నేర్చుకున్నాను.

గొట్టం బూడిదతో పాటు రాళ్ళనూ లాగింది. రాయి అడ్డం పడి ఆగిపోయేది. పుల్లతో పొడవడం, మళ్ళీ నింపడం. పదిసార్లు అయ్యాక గొట్టాన్ని గోడకేసి కొట్టాను. మరి ఆమె కాడ రాయిని ఎందుకు లాగలేదు? మెల్లగా ఎక్కుతుంది గనుక. నీళ్ళు మెల్లగా ఎక్కాలంటే గొట్టం మూతి వెడల్పుగా ఉండాలి. హాల్లో వేలాడుతున్న కందిలి దించి, దాని గాజు చిమ్నీ తీశాను. సైకిలు ట్యూబు ముక్క చుట్టి, గొట్టాన్ని దాని పై మూతికి బిగించాను. కింది మూతిని రాళ్ళలోకి గుచ్చాను. రాళ్ళు చిమ్నీలో సగం దాకా లేచి, దొర్లి, మళ్ళీ కింద పడ్డాయి. బూడిద మాత్రం పొగలా పైకి పోయి, గొట్టం గుండా బకెట్టులోకి దిగింది.

సాయంత్రం దాకా అలాగే కింద కూర్చున్నాను. పంచె మోకాళ్ళ దాకా తడిసింది. బాపు లోపలి నుంచి వచ్చాడు.

"ఏందిర అది?"

"గొట్టం."

"కండ్లు లేవా నాకు? ఎక్కడి గొట్టమది?"

"అమ్మ ఎనిమా డబ్బాది."

"మా నాయిన తొట్టిల ఎనిమా గొట్టం వెడ్తున్నవా!" ఆయన గొంతు హాలంతా మోగింది. "లే! గడీల పుట్టినోడు కింద కూసోని చేపల పెంట తోడుతుంటె ఊరు నవ్వదా? మనిషిని పిలిపిస్త."

"ఏ మనిషి వస్తడు బాపు? పిలువు, చూద్దాం."

ఆయన దర్వాజా వైపు తిరిగాడు. నోరు తెరిచాడు. ఎవరి పేరు పెట్టి పిలవాలో తోచక నోరు మూసుకొని లోపలికి పోయాడు. నాకు జాలి కలగలేదు. ముప్పై ఏళ్ళు మనిషి ఉన్నప్పుడు ఆ మనిషితో ఒక్క మాట మాట్లాడని కోపమే నాకు ఉంది, ఆయన మీదా, నా మీదా.

మూడు రోజులు కొంచెం కొంచెంగా బూడిద లాగాను. తీసినన్ని నీళ్ళను వాగు నుంచి మోసి తెచ్చి పోశాను. నాలుగో రోజు చేపలు మూల వదిలి తిరిగాయి. నా పనిముట్టు గొప్పదని అనను. చిమ్నీ అంచు రాళ్ళకు తగిలి పగులుతుంది. రెండు పగిలాయి, ఒకటి నా బొటనవేలిని కోసింది. మూలలకు పోదు. బకెట్టు నిండేటప్పుడు చూసుకోకపోతే నేలంతా నీళ్ళే. అది బాగుపడాలి. ఎక్కడ బాగుపడాలో నాకు తెలుసు, ఎందుకంటే నా వేలు తెగింది. పూలు చెక్కిన పిడి తయారుచేసినవాడి వేలు తెగలేదు.

ఆబ్దికం రోజు మామ వచ్చాడు. ఆయన లోపలికి రాకముందే బాపు నా దగ్గరకు వచ్చి, "బకెట్టు, గొట్టం తీసెయ్యి. నాలుగు చేపలు దోస్తుకు ఇచ్చినమని చెప్త" అన్నాడు. నేను తీయలేదు. తొట్టి పక్కనే ఉంచాను.

మామ అద్దం మీదికి వంగాడు. "ఏం బావా, ఆరున్నయంటివి. రెండే కనవడ్తున్నయ్?"

"షాద్‌నగర్‌ల ఒక దోస్తు అడిగిండు బావా. కాదనలేకపోయిన" అన్నాడు బాపు, నవ్వుతూ.

"లేదు మామా" అన్నాను. "తోమి సంపినం. మెరవాలని రాళ్ళకు బూడిదవెట్టిచ్చింది నేనే. గీ రెంటి కోసం బూడిద తోడింది గూడ నేనే, గీ గొట్టంతోని."

మామ నన్నూ గొట్టాన్నీ మార్చి మార్చి చూశాడు. "ఏమోయ్ అల్లుడా, గీ పని నువ్వు చేస్తున్నవా? హైదరాబాదుల మంచి మిషన్లు దొరుకుతయ్. పంపిస్త తియ్యి."

"ఆ మిషను చేసినోడు ఎన్నడన్న తొట్టి కడిగిండేమో అడిగి పంపు మామా."

మామ పెద్దగా నవ్వాడు. నేను నవ్వలేదు. బాపు లేచి, తలెత్తుకొనే నడిచి లోపలికి పోయాడు. భోజనాలప్పుడు నా విస్తరి వైపు చూడలేదు.

తరువాతి గురువారం తొట్టి కడిగే రోజు. ఆ పొద్దున కూడా ఆయన షేర్వానీలో, తొట్టి ఎదురుగానే కూర్చున్నాడు. నేను జానెడు జాగా కడిగాను. చేపలు రెండూ చిమ్నీ చుట్టూ తిరిగాయి. లేవబోతుంటే, తన కాళ్ళ దగ్గర ఒలికిన నీళ్ళను తుడవమని వేలు చాపి చూపించాడు. గుడ్డ తీసి ఆయన కుర్చీ చేతి మీద పెట్టాను. బకెట్టు ఎత్తుకొని పెరట్లోకి వెళ్ళిపోయాను.