ఎస్తేరమ్మ గారు మళ్ళీ సూది పట్టిన రోజు

అది 2022వ సంవత్సరం. ప్రొద్దుటూరులో నేను ఫిజియోథెరపీ క్లినిక్ పెట్టి అప్పటికి తొమ్మిదేళ్ళు. రెండు గదులు, మూడు మంచాలు, కాళ్ళు ఆడించడానికి ఒక పాత సైకిలు. మోకాళ్ళ నొప్పులు, మెడ నొప్పులు, పక్షవాతం వచ్చి చేయి లేవనివాళ్ళు, వీళ్ళే నా పేషెంట్లు. జమ్మలమడుగు, మైదుకూరు వైపు నుంచి పొద్దున బస్సుల్లో వచ్చేవాళ్ళతో పదిన్నరకల్లా వరండా నిండిపోయేది. మతిమరుపుకు వ్యాయామం రాయించుకుని మాత్రం అంతవరకు ఎవరూ రాలేదు.

మొదటిసారి వచ్చినామె ఎస్తేరమ్మ గారు. అరవై తొమ్మిదేళ్ళు, ఊరు జమ్మలమడుగు. ఏఎన్ఎంగా, అంటే పల్లెల్లో ఇల్లిల్లూ తిరిగి పిల్లలకు టీకాలు వేసే నర్సుగా, ముప్పై ఏళ్ళకు పైగా పనిచేసి రిటైరయ్యారు. మైలవరం చుట్టుపక్కల ఊళ్ళలో ఆమె పేరు చాలామందికి తెలియదు, ‘నర్సమ్మ’ అంటేనే తెలుస్తుంది. ఆ రోజు ఆమె భుజం మీద భర్త చేయి ఉంది. ఆయన పేరు దానియేలు, హైస్కూల్లో లెక్కల మాస్టరుగా చేశారు. షుగరు వల్ల చూపు దెబ్బతింది. మనుషుల ఆకారాలు తెలుస్తాయి, అక్షరాలు కనపడవు.

ఆమె బ్యాగులోంచి కడప నరాల డాక్టరు రాసిన కాగితం తీసి నాకిచ్చారు. ‘ఎంసీఐ. వ్యాయామం, కాగ్నిటివ్ ట్రైనింగ్’ అని ఉంది.

ఎంసీఐ అంటే ఆ వయసుకు మామూలుగా ఉండేదానికంటే ఎక్కువ మతిమరుపు. అయినా మనిషి తన పనులు తాను చేసుకుంటూనే ఉంటారు. మనం భయపడే డిమెన్షియా ఇది కాదు. కొందరిలో కాలక్రమేణా అటు పోతుంది, కొందరిలో అక్కడే ఆగుతుంది, కొందరు కోలుకుంటారు కూడా. ఎవరు ఎటు పోతారో ముందుగా చెప్పలేం. దీనికి గట్టి మందు లేదు. క్రమం తప్పని నడక, కండరాలకు బలమిచ్చే వ్యాయామం, మెదడుకు పని పెట్టే అభ్యాసం, ఇవి కొంత మేలు చేస్తాయి. మెదడుకు పెట్టే ఆ అభ్యాసాన్నే కాగ్నిటివ్ ట్రైనింగ్ అంటారు.

“ఏం జరిగిందో నేనే చెప్తా పాపా,” అన్నారామె కూర్చుంటూనే. “మా ఆయనకు రోజూ పొద్దున ఇన్సులిన్ సూది నేనే ఏస్తా. పన్నెండేండ్ల నుంచీ నేనే. పోయిన నెల ఒకరోజు సూది ఏసి, దోసెలు పోస్తామని పొయ్యికాడికి పోయినా. మళ్ళా వచ్చి ఇంగో సూది ఏసినా. మొదటిది ఏసినట్ల నాకు గుర్తే లేదు.”

కాసేపటికి ఆయన పెరట్లో కూలబడ్డారు. ఒళ్ళంతా చెమట, మాట తడబాటు. షుగర్ పడిపోయిందని ఆమె చూస్తూనే పోల్చుకుని, ఇంకా మింగగలుగుతున్నారని చూసుకుని, చక్కెర నీళ్ళు తాగించి, ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయారు. ఆ పూట ఆయనను బతికించింది కూడా ఆమె చేతులే. ఇంటికి వచ్చాక వాడేసిన సూదుల డబ్బా చూస్తే ఆ రోజువి రెండు ఉన్నాయి. ఎవరూ చెప్పకముందే తనంతట తానే కడప డాక్టరు దగ్గరికి వెళ్ళారు.

“ముప్పై ఏండ్లు ఎవరి బిడ్డకూ ఒక్క సూది తప్పెయ్యలే. ఇంట్లో మనిషికి ఏసినా,” అన్నారు. దానియేలు గారు ముఖం కిటికీ వైపు తిప్పుకున్నారు.

అప్పటి నుంచి పక్కింట్లో ఉండే ఒక స్టాఫ్ నర్సు డ్యూటీకి పోతూ పోతూ ఆయనకు సూది వేస్తోంది.

నేను ఉత్సాహంగా మొదలుపెట్టాను. ఆరు నిమిషాల్లో ఎంత దూరం నడవగలరో కొలిచాను. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా ఎన్నిసార్లు లేవగలరో చూశాను. రోజూ అరగంట చురుకైన నడక, రబ్బరు బ్యాండుతో చేతులకూ కాళ్ళకూ వ్యాయామం, ఒంటికాలి మీద నిలబడే బ్యాలెన్స్ అభ్యాసం రాసిచ్చాను. వారానికి రెండుసార్లు క్లినిక్కుకు రమ్మన్నాను. జ్ఞాపకశక్తి కోసం చిన్నపిల్లల బొమ్మల కార్డులు కొన్నాను. ఆపిల్, గొడుగు, కుందేలు. పది కార్డులు చూపించి, మూసేసి, ఏమేం ఉన్నాయో చెప్పమనేదాన్ని. ఆరు చెప్పగలిగిన రోజు చప్పట్లు కొట్టి “వెరీ గుడ్ అమ్మా” అన్నాను.

ఆమె కార్డులన్నీ ఒక్కటిగా సర్ది, అంచులు సరిచేసి, టేబుల్ మీద పెట్టి వెళ్ళిపోయారు. ఆ తరువాతి వారం రాలేదు. పై వారం కూడా రాలేదు. ఫోన్ చేస్తే దానియేలు గారు “ఒళ్ళు బాగలేదంట” అని పెట్టేశారు.

ఆ ఆదివారం మధ్యాహ్నం జమ్మలమడుగు బస్సెక్కాను. చర్చి నుంచి వచ్చి భోంచేసి, ఇద్దరూ వరండాలో కూర్చుని ఉన్నారు. ఆమె ఒంట్లో బాగానే ఉందని చూడగానే తెలిసింది. మజ్జిగ ఇచ్చారు. నేను తాగేదాకా ఆగి, అప్పుడు అడిగారు.

“నేను చిన్నపిల్లనా పాపా?”

నేను గ్లాసు కింద పెట్టాను.

“కుందేలు బొమ్మ గుర్తుపెట్టుకొని నేనేం చెయ్యాల? నువ్వు చప్పట్లు కొడితే నాకు అంగన్‌వాడీ బడి గుర్తొచ్చింది. నాకు తెలివి పోలేదు. మతిమరుపు వచ్చింది, అంతే.”

“తప్పు నాదేనమ్మా,” అన్నాను. “ఏ పని కోసం నేర్చుకుంటాండారో మిమ్మల్ని అడగనే లేదు. ఇప్పుడు చెప్పండి, మీకేం చెయ్యాలనుంది?”

ఆమె ఆలోచించుకోలేదు. “మా ఆయనకు సూది నా చేత్తో ఎయ్యాల.”

అప్పుడు దానియేలు గారు నోరు విప్పారు. “డాక్టరమ్మా, ఒక మాట చెప్పాల.” నేను డాక్టరును కాదని ఎన్నిసార్లు చెప్పినా ఆయన అట్లాగే పిలుస్తారు. “ఆ పొద్దు రెండో సూది ఏసేటప్పుడే నాకు తెలుసు.”

ఎస్తేరమ్మ గారు తల తిప్పి ఆయన వైపు చూశారు. “ఏంది తెలుసు?”

“ఒకసారి ఏసినావని తెలుసు. మళ్ళా వచ్చి చొక్కా పైకెత్తమంటివి. చెప్తామనే అనుకొన్యా. చెప్తే నీ మనసు నొస్తాదని గమ్మునుండిపోయినా. రొంత మందు ఎక్కువైతే ఏమైతాదిలే అనుకొన్యా.”

ఆమె చాలా నెమ్మదిగా అన్నారు, “ఇన్ని దినాలు నేనొక్కదాన్నే తప్పు చేసినా అనుకుంటాండా. ఇంగ నేను తప్పు చేస్తాంటే నోరు మూసుకొని కూర్చోగాకయ్యా. నా మనసు నొస్తే నొయ్యనీ. నువ్వు ఉండాల నాకు.”

“చెప్తాలే,” అన్నారాయన. “ఇంగ చెప్తా.”

నేను కాలేజీలో నేర్చుకున్న ఏ పద్ధతీ ఆ రోజు వాళ్ళిద్దరి మధ్య జరిగినంత మేలు చేసి ఉండదు. బస్సులో తిరిగివస్తూ పాత ప్లానంతా కొట్టేసి కొత్తది రాశాను.

మా వృత్తిలో డ్యూయల్ టాస్క్ అని ఒక అభ్యాసం ఉంది. ఒళ్ళు ఒక పని చేస్తుండగా మెదడుకు ఇంకో పని ఇవ్వడం. బొమ్మల కార్డులు పక్కన పెట్టి, నడుస్తూ ఆమెను పాత రౌండ్లు చెప్పమన్నాను. ఏ పల్లెకు ఏ రోజు పోయేవారు, ఏ వీధిలో మొదలుపెట్టేవారు, ఏ ఇంట్లో కుక్క ఉండేది. అవి తేలికైపోయాక టీకాల పట్టీని వెనక నుంచి ముందుకు చెప్పమన్నాను. తొమ్మిది నెలల తట్టు టీకా నుంచి, పద్నాలుగు వారాలు, పది, ఆరు, పుట్టిన రోజు బీసీజీ దాకా. అప్పజెప్పించుకునే పని దానియేలు గారిది. ఆయన మధ్యలో “నూరులో ఏడు తీసేస్తా పో” అని లెక్కలు కూడా పెట్టేవారు. “ఈయన లెక్కలు పెండ్లయినప్పటి నుంచీ చేస్తాండా, ఇదొకటా,” అని ఆమె విసుక్కుంటూనే చెప్పేవారు.

పొద్దున చర్చి ఆవరణలో, సాయంత్రం వాళ్ళ వీధుల్లో నడక. ఆమె భుజం మీద చేయి వేసుకుని ఆయనా నడిచేవారు. చూపు పోయాక ఆయన గడప దాటింది చాలా తక్కువ.

సూదికి వేరే అభ్యాసం. స్పేస్డ్ రిట్రీవల్ అంటాం. ఒక విషయం చెప్పి నిమిషం తరువాత అడుగుతాం, ఆ తరువాత రెండు నిమిషాలకు, నాలుగుకు, ఎనిమిదికి. గుర్తు చేసుకోవలసిన వ్యవధిని కొంచెం కొంచెంగా పెంచుతూ పోతాం. ఆమె నేర్చుకోవలసింది ఒక్క వాక్యం: ‘సూది పట్టే ముందు పట్టీ చూడాల.’ మంచం పక్క గోడకు రోజుకొక గడి గీసిన నెలపట్టీ తగిలించాం. ఇన్సులిన్ ఎక్కించే సూది పెన్ను లాగే ఉంటుంది, మందు లేని ఖాళీ పెన్నుతో దిండు మీద అభ్యాసం. ముందు పట్టీ చూడాలి, రోజు పేరు పైకి చెప్పాలి, ఆయన అవును అనాలి, సూది వేయాలి, గీత పెట్టాలి. ఒక్క అడుగు తప్పినా మళ్ళీ మొదటి నుంచి. ఎప్పుడూ చప్పట్లు కొట్టలేదు. సరిగ్గా చేస్తే “సరేనమ్మా, మళ్ళా” అనేదాన్ని.

నాలుగో నెలలో ఒక సాయంత్రం రోజూ నడిచే వీధిలో పైపుల కోసం గుంత తవ్వి ఉంటే ఇద్దరూ పక్క సందులోకి తిరిగారు. పది అడుగులు వేశాక ఎస్తేరమ్మ గారికి తానెక్కడున్నారో తెలియలేదు. ముప్పై ఏళ్ళుగా ఉంటున్న ఊరు. నిలబడిపోయారు.

“ఏంది, ఆగితివి?” అన్నారు దానియేలు గారు.

“దారి తెలీలేదయ్యా.”

ఆయన కాసేపు చెవులు రిక్కించి విన్నారు. “పిండిమర ఆడతాంది, ఇనపడతాందా? ఆ మోత దిక్కు నడుచు. మర దాటితే మన వీధే.”

ఆమె కళ్ళు, ఆయన చెవులు కలిసి ఇల్లు చేరాయి. మరుసటి రోజు క్లినిక్కులో ఆమె నాకిది చెప్పినప్పుడు నేను దిగాలుపడ్డాను. నా ముఖం చూసి ఆమే అన్నారు, “శానా భయమేసింది పాపా. అయితే ముందు మాదిరి దాయలే. తెలీలేదని చెప్పినా. చెప్తే దారి దొరికింది.”

ఆరు నెలలకు కడప డాక్టరు మళ్ళీ పరీక్ష చేశారు. జ్ఞాపకశక్తి మార్కులు తగ్గలేదు, కొద్దిగా పెరిగాయి. జబ్బు పోయిందని కాదు, ఇప్పటికి ఆగిందని ఆయన స్పష్టంగా చెప్పారు. రోజూ నడిచినందుకు దానియేలు గారి షుగరు కూడా అదుపులోకి వచ్చి, షుగరు డాక్టరు ఇన్సులిన్ కొంత తగ్గించారు. పక్కింటి నర్సు పక్కన నిలబడి చూస్తుండగా రెండు వారాలు వేసి చూడండి, తప్పు జరగకపోతే కొనసాగించండి అని ఆ డాక్టరే ఎస్తేరమ్మ గారికి అనుమతి ఇచ్చారు.

ఆ రెండు వారాలూ తప్పు జరగలేదు. ఆమె ఒక్కరే వేసే మొదటి రోజు నన్ను రమ్మన్నారు. పొద్దున ఏడింటికి పోయాను. ఆమె తలస్నానం చేసి, ఇస్త్రీ చీర కట్టుకున్నారు, డ్యూటీకి పోతున్నట్టు. పట్టీ చూశారు. “ఈ పొద్దు గురువారం. ఇంగా ఎయ్యలే.”

“ఎయ్యలే,” అన్నారు దానియేలు గారు.

మందు ఎంతో తిప్పి చూసుకుని, వేసి, పది అంకెలు లెక్కపెట్టి తీశారు. పట్టీ మీద గీత పెట్టారు.

ఉప్మా తిని, కాఫీ తాగుతూ కూర్చున్నాం. ఉన్నట్టుండి ఆమె లేచి మంచం దగ్గరికి పోయి పెన్ను చేతిలోకి తీసుకున్నారు. నేను లేవబోయాను. దానియేలు గారు అప్పటికే అన్నారు, “ఏసినావు ఎస్తేరూ.” ఆమె పట్టీ చూసి, “ఆ, చూస్తాండా,” అని పెన్ను డబ్బాలో పెట్టేసి వచ్చి, మిగిలిన కాఫీ తాగారు. ఎవరి మనసూ నొవ్వలేదు.

దాదాపు రెండేళ్ళు ఆమె చేత్తోనే సాగింది. తరువాత ఒకరోజు ఆమే ఫోన్ చేశారు. “పాపా, పట్టీ చూసినా కూడా ఈ మధ్య అనుమానం వస్తాంది. రేపటి నుంచి సూది పక్కింటి నర్సు పాపకు అప్పజెప్తాండా. ఎవరో తీసుకోలే, నేనే ఇస్తాండా. నడక మాత్రం నిలపం.” నాకు దుఃఖం వచ్చింది, ఆమె గొంతులో మాత్రం అది లేదు. పని చేతులు మారే రోజు ఎప్పుడో తానే నిర్ణయించుకున్నారు. ఆ ఎరుక నిలవడానికి ఆ రెండేళ్ళ అభ్యాసం కొంతైనా సాయపడిందని నా నమ్మకం.

ఆ బొమ్మల కార్డులు మా పక్కింటి పిల్లలకు ఇచ్చేశాను. ఇప్పుడు ఎంసీఐతో వచ్చే పెద్దవాళ్ళు నా దగ్గర పదిమందికి పైగా ఉన్నారు. కొలతల కంటే ముందు అందరినీ ఒకటే అడుగుతాను, ఏ పని మీ చేతుల్లో నిలబడాలి అని. పోయిన నెల పులివెందుల నుంచి వచ్చిన ఒక బత్తాయి రైతు, “చీనీ చెట్లకు యా వరసకు నీళ్ళు పెట్టినానో, యా వరసకు పెట్టలేదో తెలియాల,” అన్నాడు. చక్రాయపేట దగ్గరి నుంచి వచ్చే ఒకామెకు మనవరాలికి జడ మూడుపాయలుగా అల్లడం మళ్ళీ రావాలి. అభ్యాసం అక్కడి నుంచే మొదలుపెడతాను. నడక అందరికీ ఒకటే, దాని పక్కన పెట్టే మెదడు పని మాత్రం ఎవరిది వాళ్ళ బతుకులోంచే తీయాలి.

ఇది నాకు పుస్తకాల్లో దొరకలేదు. రెండు వారాలు అలిగి, ఇంటికి పోయిన నాకు మజ్జిగ ఇచ్చి, నేను తాగేదాకా ఆగి తప్పు చూపించిన ఒక నర్సమ్మ నేర్పింది. ఆ రోజు ఆమె మర్యాదకు ఏమీ అనకుండా ఊరుకుని ఉంటే, నేను ఇప్పటికీ పెద్దవాళ్ళ ముందు చప్పట్లు కొడుతూనే ఉండేదాన్ని.