బాబాయి మ్యాచ్‌కి సున్నుండలు

నా చిన్నప్పుడు మా బాబాయి కంప్యూటర్లు చదవడానికని సిడ్నీ వచ్చి, అమెరికన్ ఫుట్‌బాల్ ఆడడం మొదలుపెట్టాడు. మేం అప్పటికే ఆ ఊళ్ళోనే వెస్ట్‌మీడ్ అనే పేటలో ఒక అద్దె ఫ్లాట్‌లో ఉండేవాళ్ళం. అవి వై2కె రోజులు. కొత్త సంవత్సరం రాగానే లోకంలోని కంప్యూటర్లన్నీ తికమకపడతాయని అందరికీ భయం; ఆ భయం పుణ్యమా అని మనవాళ్ళందరికీ ఉద్యోగాలు. అలాంటి రోజుల్లో చదువు పక్కన పెట్టి, నెత్తిన హెల్మెట్ పెట్టుకుని ఎవరినో ఢీకొట్టడం ఏమిటని నాన్న బాధ.

ఆ సీజన్‌లో బాబాయివాళ్ళ యూనివర్సిటీ జట్టు ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు. గెలిచి ఉంటే నాన్న కొంచెం మెత్తబడేవాడేమో. "లాస్ట్ మ్యాచ్‌కి నేనే వస్తా. అదీ ఓడిపోతే నెక్స్ట్ ఇయర్ ఈ ఆట లేదు, సరేనా?" అన్నాడు. బాబాయి అన్నయ్య మాటకు ఎదురు చెప్పే రకం కాదు. తలూపి, అన్నం సగంలోనే లేచిపోయాడు.

నాన్న ఏ పనీ అరకొరగా చెయ్యడు. వెళ్ళడమంటూ జరిగితే ఒక్కడే ఎందుకని, ఫ్లాట్లలో ఉన్న అంకుల్స్ అందరినీ వెంటేసుకొచ్చాడు. పక్కింటి ఆంటీ కూడా వచ్చింది. ఆవిడది గుంటూరు, ఆసుపత్రిలో నర్సు. పెద్ద స్టీలు డబ్బా నిండా సున్నుండలు తెచ్చింది.

మావాళ్ళకు తెలిసింది క్రికెట్. మనవాడు బ్యాటు పట్టుకుంటే అరవాలి, అంతే. అందుకని బంతి మన జట్టు చేతికొచ్చినప్పుడల్లా గీత పక్కనే నిలబడి ఈలలు, కేకలు. కానీ ఈ ఆట వేరు. బంతి ఉన్న జట్టులో ఒకడు గట్టిగా కేకేస్తాడు. అది విని అందరూ ఒక్కసారే కదలాలి. మావాళ్ళ గోలలో అది వినబడక ఎవడో ఒకడు ముందే కదిలేవాడు. రిఫరీ జట్టును ఐదు గజాలు వెనక్కి పంపేవాడు. మావాళ్ళు అయ్యో పాపం అనుకుని, ఈసారి ఇంకా గట్టిగా అరిచేవారు. బాబాయి ఒకసారి మావైపు తిరిగి చూశాడు. అన్నయ్యను నోరు మూసుకోమని ఎలా చెబుతాడు? నాకు ఏడుపొచ్చింది.

ఆంటీ మాత్రం అవతలి జట్టు తాలూకు జనాన్ని గమనించింది. బంతి తమవాళ్ళ చేతిలో ఉంటే వాళ్ళు పరీక్ష హాల్లో ఉన్నట్టు ఉండేవారు. మనవాళ్ళ చేతికొస్తే గొంతు చించుకునేవారు. ఆవిడ ఎవరికీ ఏమీ చెప్పలేదు. మళ్ళీ బంతి మనకు రాగానే డబ్బా మూత తీసి, "తీసుకోండి అన్నయ్యగారూ, ఫ్రెష్‌గా చేశా, మొత్తం నోట్లో వేసుకోవాలి" అంటూ అందరికీ పంచింది. సున్నుండ అంగిలికి అంటుకున్నాక ఎంతటివాడైనా మాట్లాడలేడు. మావైపు సద్దు లేదు. బాబాయివాళ్ళు ఒక్కసారే కదిలారు.

నేనూ చెయ్యి చాపాను. అప్పటికి బంతి అవతలివాళ్ళ చేతికి వెళ్ళింది. ఆంటీ టక్కున మూత పెట్టేసి, "ఇప్పుడు కాదు తల్లీ, ఇప్పుడు అరవాలి" అని చెవిలో చెప్పింది. మరి నాన్నకు చెప్పొచ్చు కదా అన్నాను. "చెబితే చిన్నబుచ్చుకుంటారే. తమ్ముడి మీద ప్రేమతోనే కదా అరుస్తోంది" అంది.

ఆ మ్యాచ్ గెలిచారు. చచ్చీచెడీ గెలిచారు. నాన్న మైదానంలోకి పరుగెత్తి, బురదతో సహా బాబాయిని కావలించుకుని, "నెక్స్ట్ ఇయర్ కూడా ఆడుకోరా. మేమొచ్చి అరిస్తే గానీ మీకు ఊపు రాలేదు, చూశావా?" అన్నాడు. అంకుల్స్ అందరూ అవునన్నారు. ఆంటీ కూడా అవునంది. అసలు సంగతి ఆవిడ బాబాయికి ఎప్పుడూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

ఇప్పుడు బాబాయి కూతురు డ్రైవింగ్ నేర్చుకుంటోంది. పక్క సీట్లో కూర్చోడానికి నన్నే పిలుస్తుంది. "డాడ్ అయితే అరుస్తూనే ఉంటాడక్కా, ఐ కాంట్ థింక్" అంటుంది. బాబాయి అరిచేది ఎందుకో నాకు తెలుసు. మలుపు దగ్గర 'బ్రేక్' అన్న మాట నా నోటిదాకా వస్తుంది. మింగేస్తాను. బ్రేక్ చెల్లే వేస్తుంది, నేనైతే వేసేదానికన్నా కాస్త ఆలస్యంగా.